కణములో ఇల్లు మారిన జన్యువులు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ప్రధానోపాధ్యాయుడు పాఠశాల నివేదిక చదువుట ఆచారము. నివేదిక అచ్చులో మీ చేతికి వచ్చియే యున్నది గనుక దానిని మరల చదివి మీ కాలము హరింపను. దానికి మారుగా, ప్రదర్శనశాలలో మీలో పలువురు నన్ను అడిగిన ఒక ప్రశ్నకు సమాధానము చెప్పెదను. పదవ తరగతి బాలికలు నాలుగు పళ్లెములలో బఠాణీలు, సోయాగింజలు, అలసందలు, పెసలు పోసి, ముందర "ఇల్లు మారిన జన్యువు" అని చీటి పెట్టిరి. "ఇదేమి సైన్సు మాస్టరుగారూ, మా వంటింటి డబ్బాలు తెచ్చి ఇక్కడ పెట్టినట్లున్నదే" అని ఒక తల్లి నవ్వినది. ఒక తండ్రి మాత్రము నవ్వలేదు. "దీనివలన పిల్లకు మార్కులు వచ్చునా?" అని అడిగెను. రావు. ఈ సంగతి పరీక్షలో అడుగరు. అయినను ఆ పిల్లలు పట్టుకొన్న విషయము చిన్నది కాదు. గట్టి గింజగల విషయము. నేనును ఉపాధ్యాయుడనేగాని పరిశోధకుడను గాను. చదివి తెలిసికొన్నంతవరకు చెప్పెదను.

జీవుల శరీరము కణములతో కట్టబడినదని మీ పిల్లలు చిన్న తరగతులలోనే చదువుదురు. కణములో కేంద్రకమను పెట్టె వంటిది కలదు. ఆ పెట్టెలో క్రోమోజోములు, క్రోమోజోములలో డి.ఎన్.ఏ. యను సన్నని దారము, ఆ దారముమీద నాలుగే నాలుగు అక్షరములతో వ్రాసిన వ్రాత యున్నవి. ఆ వ్రాతలో ఒక్కొక్క పనికి సంబంధించిన భాగమును జన్యువందురు. ఏ మాంసకృత్తును ఏ వరుసలో కట్టవలెనో అందులో నుండును. కాని ఆ వ్రాత నేరుగా పనిలోనికి రాదు. ముందుగా దానికి ఆర్.ఎన్.ఏ. యను నకలు తీయబడును. ఆ నకలును చూచి మాంసకృత్తు తయారగును. రిజిస్ట్రారు కచేరిలో అసలు దస్తావేజు బీరువాలోనే యుండగా మనము నకలు తీసికొని పని జరుపుకొనుట లేదా? అట్టిదే ఇదియు. ఈ నకలు మాటను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని పడును.

కేంద్రకమునకు వెలుపల, కణరసములో, మైటోకాండ్రియా లను చిన్న చిన్న రేణువులు అనేకము లుండును. 1898లో జర్మనీ దేశస్థుడైన బెండా, గ్రీకు భాషలోని నూలుపోగు, గింజ అను అర్థముగల రెండు మాటలు కలిపి వీనికి ఆ పేరు పెట్టెను. ఆహారమునుండి శక్తిని తీయుట వీని ముఖ్యమైన పని. "మైటోకాండ్రియా కణమునకు శక్తి కేంద్రము" అని వ్రాసి పిల్లలు మార్కులు తెచ్చుకొందురు. ఆ ఒక్క వాక్యముతో కథ ముగిసినట్లు పాఠ్యపుస్తకములు ఏల ప్రవర్తించునో నాకు బోధపడదు. నిజమునకు కథ అక్కడ మొదలు కూడ కాలేదు.

1963లో మార్గిట్ నాస్, సిల్వాన్ నాస్ అనువారు కోడిపిండపు కణములలోని మైటోకాండ్రియాలను సూక్ష్మదర్శినితో పరీక్షించి, వానిలోపల కూడ డి.ఎన్.ఏ. పోగు లున్నవని చూపిరి. అనగా కణములో వ్రాత ఒక్కచోట గాక రెండుచోట్ల నున్నది. మొక్కలలోనైతే ఆకుపచ్చని హరితరేణువులలో మూడవ వ్రాతయు కలదు; దాని ప్రస్తావన తరువాత ఒక్కమారు వచ్చును. ఈ రెండవ వ్రాత ఎక్కడినుండి వచ్చినది? 1967లో, నాటికి లిన్ సేగన్ అను పేరుతో వ్రాసి తరువాత లిన్ మార్గులిస్ అను పేరుతో ప్రసిద్ధురాలైన అమెరికా శాస్త్రజ్ఞురాలు, అంతకుముందే కొందరికి తోచిన ఒక ఊహను తిరిగి ఎత్తి బలముగా వాదించెను. మైటోకాండ్రియా లొకప్పుడు స్వతంత్రముగా బ్రతికిన బాక్టీరియాలనియు, వేరొక కణములోనికి చేరి అక్కడనే కాపురముండిపోయినవనియు ఆ వాదము. మొదట పలువురు నవ్విరి. తరువాత మైటోకాండ్రియా వ్రాతను అక్షరము వెంట అక్షరముగా చదివి చూడగా అది బాక్టీరియా వ్రాతకు చుట్టరికమని తేలినది. ఈ చేరిక జరిగి 150 కోట్ల సంవత్సరములకు పైబడినదని శాస్త్రజ్ఞుల అంచనా.

ఇక్కడ ఒక లెక్క చూడవలెను. స్వతంత్రముగా బ్రతుకు బాక్టీరియాకు సాధారణముగా వేలకొలది జన్యువులుండును. మైటోకాండ్రియాలలో ఎన్ని మిగిలినవి? మనుష్యుని మైటోకాండ్రియాలో 16,569 అక్షరముల వ్రాత, అందులో 37 జన్యువులు. వానిలో మాంసకృత్తులకు చెందినవి 13 మాత్రమే. ఆవాల కుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను చిన్న కలుపుమొక్క వ్రాతను 1997లో జర్మనీలో పూర్తిగా చదివిరి. 3,66,924 అక్షరములు, గుర్తించిన జన్యువులు 57. అక్షరములు మనకంటె ఇరువది రెట్లు, జన్యువులు రెట్టింపైనను లేవు. పెద్ద దొడ్డి, చిన్న ఇల్లు. ఆ సంవత్సరమే రెక్లినోమొనాస్ అను మంచినీటి సూక్ష్మజీవి మైటోకాండ్రియాలో 97 జన్యువు లున్నవని కనుగొని, ఇంత పాత సొత్తు నిలుపుకొన్నది మరొకటి కనబడలేదని శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపడిరి.

కాని మైటోకాండ్రియా పని జరుగుటకు వేయికి పైగా రకముల మాంసకృత్తులు కావలెను! ఇంటిలో నున్న వ్రాత పదులలోనే యున్నది. తక్కినవన్నియు కేంద్రకములోని జన్యువులనుబట్టి బయట తయారై లోపలికి పంపబడుచున్నవి. కావున బాక్టీరియా తెచ్చుకొన్న జన్యువులలో కొన్ని అక్కరలేక నశించినవి. కొన్ని కేంద్రకమునకు ఇల్లు మారినవి. ఇది పురాతన కాలమున జరిగి ముగిసిన సంగతియని చాలకాలము తలచిరి. జంతువుల విషయములో ఆ తలపు ఇంచుమించు సరియే. మొక్కలలో మాత్రము ఆ వలస ఆగలేదు. అది మన పప్పుగింజలలోనే కంటికి చిక్కినది.

ఊపిరి పీల్చినప్పుడు మనము తీసికొన్న ప్రాణవాయువు చివరకు చేరు స్థలము మైటోకాండ్రియాలోని ఒక యంత్రము. దానికి సైటోక్రోము ఆక్సిడేసు అని పేరు. మొక్కలకును అది కావలెను. ఆ యంత్రములోని రెండవ భాగమును కట్టు జన్యువును కాక్స్-2 అందురు. ఇది లేనిచో ఆ యంత్రము నిలువదు. మనుష్యునిలో, కోడిలో, వరిలో, గోధుమలో ఈ జన్యువు మైటోకాండ్రియాలోనే యున్నది. బఠాణీలోను పని చేయునది మైటోకాండ్రియాలోని జన్యువే. కాని అలసందలో వెదకగా మైటోకాండ్రియాలో ఆ జన్యువే లేదు. అలసంద యనగా బొబ్బర్లు. మన ఊరి అంగడిలో కారామణి యనిన గాని ఇయ్యరు. పెసరలోను అంతే. ఆ జన్యువు లేకున్నను ఆ మొక్కలు చక్కగా మొలచి కాయుచున్నవి. మరి ఆ మాంసకృత్తు ఎక్కడినుండి వచ్చుచున్నది? వెదకగా కేంద్రకములో దొరకినది. నూజెంట్, పామర్ అను శాస్త్రజ్ఞులు 1991లో ఈ సంగతి ప్రకటించిరి. మరుసటి యేడు కెనడాలో కోవెల్లో, గ్రే అనువారు సోయాగింజను చూచి మరింత వింత చెప్పిరి. సోయాలో ఆ జన్యువు రెండుచోట్లను ఉన్నది. కాని కేంద్రకములోనిదే పని చేయుచున్నది, మైటోకాండ్రియాలోనిది మూగదై పడియున్నది. ఇల్లు మారినవారు పాత ఇంటిలో మంచము, పెట్టె వదలి తాళము వేసినట్లు.

ఇది ఒక పుస్తకములోని వాక్యము మరొక పుస్తకములో కనబడినట్లున్నది. ఎవరు ఎవరిని చూచి వ్రాసిరో ఎట్లు తెలియును? ఈ ప్రశ్నకు దొరకిన జవాబు నాకు ఈ విషయమంతటిలో మిక్కిలి ఇష్టమైనది. కొంచెము నిదానముగా చెప్పెదను.

మొక్కల మైటోకాండ్రియాలకు ఒక విచిత్రమైన అలవాటు కలదు. అసలు వ్రాతలో కొన్నిచోట్ల ఉండవలసిన అక్షరము ఉండదు. నకలు తీసిన తరువాత, ఆ నకలులో "సి" యను అక్షరమును "యు" యను అక్షరముగా దిద్దుదురు. ఆ దిద్దిన నకలునుబట్టి మాంసకృత్తు సరిగా తయారగును. అసలు దస్తావేజులో తప్పు అట్లే యుండును. నకలు తీసిన ప్రతిసారియు గుమాస్తా దానిని దిద్దుచునే యుండవలెను. 1989లో మూడు పరిశోధక బృందములు వేరువేరుగా దీనిని కనిపెట్టినవి. అరబిడాప్సిస్‌లో ఇట్టి దిద్దుబాట్లు 456 చోట్ల జరుగునని 1999లో లెక్కించిరి. అసలునే ఒక్కసారి దిద్దుకొనరాదా యని మీకు తోచవచ్చును. నాకును తోచినది. ప్రకృతి మన కచేరీలకంటె ఎక్కువ క్రమముగా నుండునని నమ్ముట పొరపాటు.

అలసంద కేంద్రకములోని కాక్స్-2 వ్రాతను చదివిచూచినప్పుడు, అది మైటోకాండ్రియాలోని అసలు వ్రాతవలె లేదు. దిద్దిన నకలువలె నున్నది. గుమాస్తా దిద్దిన అక్షరములు అక్కడ అసలులోనే చేరియున్నవి. కేంద్రకములోనికి పోయినది అసలు కాదు, దిద్దిన ఆర్.ఎన్.ఏ. నకలే, ఆ నకలును చూచి ఎవరో మరల డి.ఎన్.ఏ. వ్రాసి క్రోమోజోములో అతికించినట్లయినదని దీనివలన ఊహించిరి. ఆర్.ఎన్.ఏ.ను చూచి డి.ఎన్.ఏ. వ్రాయగల మాంసకృత్తులు కణములలో ఉన్నవని వేరుగా తెలిసియే యున్నది. వ్రాత ఎటునుండి ఎటు పోయినదో కూడ దీనివలన తేలినది: మైటోకాండ్రియానుండి కేంద్రకమునకు. ఇంకొక మాట. కేంద్రకపు జన్యువులకు నకలు దిద్దు ఆ గుమాస్తా లేడు. దిద్దని అసలు వ్రాతయే అక్కడికి పోయియుండినచో తప్పులతో కూడిన మాంసకృత్తే వచ్చియుండెడిది.

నకలు పోయి చేరినంతమాత్రమున పని ముగిసినదా? లేదు. ఈ విషయము చదువువారు తరచుగా తొందరపడుట ఇక్కడనే. కేంద్రకములోనికి వచ్చిపడిన వ్రాతకు రెండు వస్తువులు కావలెను. మొదటిది, ఎప్పుడు నకలు తీయవలెనో చెప్పు ప్రారంభపు గుర్తు. రెండవది చిరునామా. కేంద్రకపు జన్యువునుండి వచ్చిన మాంసకృత్తు బయట, కణరసములో తయారగును. అది మైటోకాండ్రియాకు పోయి చేరవలెననిన దాని తలవైపు ఒక చిన్న ముక్క అదనముగా నుండవలెను. ఆ ముక్కను చూచి మైటోకాండ్రియా ద్వారము తెరచుకొనును. లోనికి పోయిన తరువాత దానిని కోసివేయుదురు, ఉత్తరము అందినపిదప కవరు చించివేసినట్లు. మైటోకాండ్రియాలోనే పుట్టుచున్నన్నాళ్లు ఈ మాంసకృత్తునకు చిరునామాతో పని లేదు గనుక పాత వ్రాతలో అది లేదు. మరి కొత్త ఇంటిలో ఎవరిచ్చిరి?

వరిమొక్క దీనికి సాక్ష్యమిచ్చినది. మైటోకాండ్రియాలో మాంసకృత్తులు కట్టు రైబోసోము యంత్రమునకు చెందిన ఒక జన్యువు వరిలో కేంద్రకమునకు పోయి, అక్కడ రెండు ప్రతులుగా నున్నది. 1996లో జపానులో కడొవాకి, ఆయన సహచరులు ఆ రెండు ప్రతుల చిరునామాలను చదివిరి. ఒక ప్రతి చిరునామా ఏ.టి.పి. తయారుచేయు యంత్రములోని ఒక భాగమునకు చెందిన జన్యువునుండి వచ్చినది. రెండవ ప్రతి చిరునామా సైటోక్రోము ఆక్సిడేసు యంత్రములోని వేరొక భాగపు జన్యువునుండి వచ్చినది. ఆ రెండు జన్యువులును అంతకుముందే కేంద్రకములో స్థిరపడియున్నవే. అనగా పాత కాపురస్థుల చిరునామాయే మరొక ప్రతిగా ఏర్పడి కొత్తగా వచ్చినవాని తలకు అతికినది. మూడేండ్ల తరువాత, 1999లో, వరిలోనే ఇంకొక జన్యువు సంగతి బయటపడినది. అది కేంద్రకములో వేరొక జన్యువు నడుమ, వాడుక లేని ఖాళీభాగములో, చోటు చేసికొన్నది. ఆ ఇంటివాని ప్రారంభపు గుర్తు, ఆ ఇంటివాని చిరునామాయే రెండింటికిని చాలుచున్నవి. ఒకే నకలును ఒక విధముగా కత్తిరించినచో ఇంటివాని మాంసకృత్తు, మరొక విధముగా కత్తిరించినచో అద్దెవాని మాంసకృత్తు. మైటోకాండ్రియాలో దాని పాత రూపము ఇప్పటికిని చెడిపోయిన స్థితిలో పడియున్నది. మనము ప్రతిదినము తిను అన్నములో ఇంత కథ యున్నదని తెలిసినపుడు నాకు రెండు పూటలు ముద్ద దిగలేదనిన అతిశయోక్తి యగును గాని, ముద్ద చూచుకొని తిన్నమాట నిజము.

వలస వచ్చినవారి కథయని దీనిని మన కథతో పోల్చుటకు కొందరు మిత్రులు ఉత్సాహపడిరి. నాకది ఇష్టము లేదు. జన్యువునకు మనసు లేదు. ఊరు విడిచిన బాధ లేదు. దాని సంగతిని దాని సంగతిగానే చూతము.

ఇందులో ప్రాణాపాయమైన ఘట్టమొకటి కలదు. కేంద్రకములోని ప్రతి సరిగా పని చేయకముందే మైటోకాండ్రియాలోని జన్యువు చెడినచో ఆ మొక్కకు బ్రతుకు లేదు. కావున రెండుచోట్లను పని నడచిన కాలమొకటి తప్పక ఉండియుండవలెను. పాత వంతెన కూల్చకముందే కొత్త వంతెనమీద బండ్లు నడువవలెను గదా. 1991లో వెదకినప్పుడు అట్టి మొక్క ఒక్కటియు కనబడలేదు. వాదము సరియే గాని సాక్ష్యము లేదు. తరువాత ఆడమ్స్, పామర్, వారి సహచరులు చిక్కుడు కుటుంబమున ఇరువదియైదుకు పైగా ప్రజాతులను పరీక్షించి 1999లో ఫలితములు ప్రకటించిరి. ఏడు మొక్కలలో రెండు జన్యువులకును నకళ్లు తీయబడుచున్నవి! వంతెనలు రెండును నడుచుచున్న కాలము నేటికిని కొన్ని మొక్కలలో ముగియలేదన్నమాట.

ఆ పరిశోధనలోనే మరియొక ఫలితము వచ్చినది. రెండు చోట్ల పని చేయుచున్న జన్యువులలో తరువాత ఏది మూగవోయినది? కేంద్రకములోనిదే నిలిచి మైటోకాండ్రియాలోనిది పోవునని మనము అనుకొందుము. వారి లెక్కలో మైటోకాండ్రియాలోనిది మూగవోయిన సందర్భములు ఎన్నియో, కేంద్రకములోనిది మూగవోయినవి ఇంచుమించు అన్నియే. ఒక్కొక్క వైపు మూడు మొదలు ఐదు. కొన్ని మొక్కలలో కొత్త ఇల్లే నిలిచినది, కొన్నిటిలో పాత ఇల్లే నిలిచినది. ఏది ముందు చెడునో అది కేవలము యాదృచ్ఛికమని వారు తేల్చిరి. మన బాలికలు పళ్లెములను వరుసగా పేర్చి బఠాణీకి "మొదటి మెట్టు", పెసలకు "చివరి మెట్టు" అని చీటీలు వ్రాయగా, నేను ఆ చీటీలు తీయించితిని. బఠాణీ వెనుకబడినది కాదు, పెసర ముందంజ వేసినదియు కాదు. పరిణామమనిన మెట్లెక్కుటయని మన మనసులలో ఒక బొమ్మ పడిపోయినది. అది చెరుగవలెను.

జన్యువు కేంద్రకమునకు పోయిన మేలని చెప్పుటకు కారణము లేకపోలేదు. మైటోకాండ్రియా వ్రాత తల్లివైపునుండి మాత్రమే వచ్చును, తండ్రి వ్రాతతో కలియదు గనుక అందులో చేరిన తప్పులు పోవుట కష్టమని కొందరు వాదింతురు. జంతువుల విషయములో ఈ వాదమునకు బలము కలదు. మొక్కల మైటోకాండ్రియాలలో వ్రాత మారు వేగము కేంద్రకములోకంటె తక్కువయని 1987లోనే తేలినందున, వాని విషయములో ఈ కారణమును అంత గట్టిగా పట్టుకొనలేము.

సరే, ఇన్ని పోగా తక్కినవి ఏల పోలేదు? దీనికి ఒకటికంటె ఎక్కువ జవాబులున్నవి. నాకు నమ్మదగినదిగా తోచిన దానిని చెప్పెదను. మైటోకాండ్రియా పొరలో ఇమిడియుండు కొన్ని మాంసకృత్తులు నూనెవలె నీటికి దూరముగా నుండు స్వభావము గలవి. అట్టివానిని బయట నీటిమయమైన కణరసములో కట్టి, పొరగుండ లోపలికి నెట్టుట కష్టము. ఆ కష్టము అన్నిటికంటె ఎక్కువగా గల కాక్స్-1 వంటి జన్యువులు మనుష్యులలోను, మొక్కలలోను ఇల్లు కదలలేదు. సోయాలోని కాక్స్-2తో 2002లో దీనిని పరీక్షించి చూచిరి. మైటోకాండ్రియా రకపు మాంసకృత్తునకు చిరునామా తగిలించి పంపినను అది లోనికి పోలేదు. దాని నూనె స్వభావము కొద్దిగా తగ్గునట్లు వ్రాతలో స్వల్పమైన మార్పులు చేయగా పోయినది. చిరునామా ఒక్కటియే చాలదు, వాకిటిలో పట్టు వస్తువు కూడ కావలెను.

అంత నూనె స్వభావము లేనివి మాత్రము సులువుగా కదలుచున్నవి. రైబోసోమునకు చెందిన ఒక జన్యువును 277 పూలమొక్కలలో వెదకి, అది మైటోకాండ్రియానుండి 26 మారులు వేరువేరుగా తొలగిపోయినదని 2000లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. ఒకేమారు జరిగిన వలస కాదు. కుటుంబము కుటుంబమునకు విడివిడిగా జరిగినది. అరబిడాప్సిస్ రెండవ క్రోమోజోములోనైతే మైటోకాండ్రియా వ్రాత ఇంచుమించు మొత్తముగా వచ్చి పడియున్నది, 6,00,000కు పైగా అక్షరములు. దానిలో చాల భాగము పనిలేని ముక్క. కవరు లేదు, చిరునామా లేదు. ఇట్టి ముక్కలు ఎంత తరచుగా పోవునో చూచుటకు ఆస్ట్రేలియాలో పొగాకు మొక్కతో పరీక్ష చేసిరి. అది మైటోకాండ్రియాతో గాక, దానివంటి చరిత్రయే గల హరితరేణువుతో చేసినది. 2003లో వచ్చిన లెక్క ప్రకారము ఇంచుమించు 16,000 పుప్పొడి రేణువులకు ఒకదానిలో హరితరేణువునుండి కేంద్రకమునకు కొత్తగా వ్రాత చేరియున్నది. ఒక పొగాకు చేనిలో ఒక్క ఉదయము ఎంత పుప్పొడి రాలునో ఊహించుకొనుడు! ముక్కలు పోవుట అరుదు కాదు. పోయిన ముక్క పనిలోనికి వచ్చుటయే అరుదు.

ఇంతవరకు వినిన పిదప, "జన్యువు ఏ గదిలోనున్న మాకేమి, పంట పండిన చాలు" అని వ్యవసాయము చేయువారు అనవచ్చును. వారికి మొక్కజొన్న సంగతి చెప్పవలెను. హైబ్రిడ్ విత్తనము చేయుటకు ఆడమొక్కగా వాడు వంగడము తన పుప్పొడితో తాను ఫలించకుండ చూడవలెను. మైటోకాండ్రియాలోని కొన్ని జన్యువులు పుప్పొడిని చెరచును. అట్టి తల్లి వంగడము దొరకినచో చేతితో మగపూత త్రుంచు శ్రమ తప్పును. తండ్రి వంగడపు కేంద్రకములోని మరొక జన్యువు ఆ చెరుపును సరిచేయును గనుక రైతు చేనిలో గింజ కట్టును. మన దేశములో 1964లో విడుదలైన సి.ఎస్.హెచ్.-1 అను హైబ్రిడ్ జొన్నయు ఇట్టి ఏర్పాటుతో వచ్చినదే. రెండు వ్రాతలు ఒకదానికొకటి జవాబిచ్చుకొనుటమీద ఆ పంటంతయు నిలిచియున్నది.

అమెరికాలో టెక్సాస్ రకమను ఒకే తల్లి మైటోకాండ్రియాలను ఇంచుమించు దేశమంతట మొక్కజొన్నలో పెట్టిరి. 1970 నాటికి నూటికి సుమారు 85 వంతుల విత్తనము అదియే. తండ్రి వంగడములు ఎన్ని మార్చినను మైటోకాండ్రియా మారదు. అది తల్లివెంట వచ్చునది. ఆ యేడు ఆకుమాడు తెగులు తెచ్చు ఒక శిలీంధ్రము వ్యాపించినది. దాని విషము ఆ మైటోకాండ్రియాలోని ఒక జన్యువు చేయు మాంసకృత్తుమీదనే పని చేయును. పుప్పొడిని చెరచుటకు పనికివచ్చిన జన్యువే తెగులునకు వాకిలి తెరచినది. దేశపు మొక్కజొన్న పంటలో నూటికి సుమారు 15 వంతులు నష్టమైనది. చేలన్నియు వేరువేరు పేర్ల విత్తనములతో నున్నట్లు కాగితముమీద కనబడుచుండగా, లోపల తల్లి ఒక్కతెయే యని ముందుగా లెక్కలోనికి తీసికొన్నవారు తక్కువ. మరుసటి సంవత్సరములలో ఆ తల్లి వంగడమును విడిచి, మరల మగపూత త్రుంచుటకు కూలివాండ్రను పెట్టుకొనిరి.

పెసరలోను, అలసందలోను కాక్స్-2 ఇల్లు మారుటవలన కలిగిన భేదము ఇప్పుడు చెప్పిన దానినిబట్టియే తెలియును. బఠాణీలో ఆ జన్యువు మైటోకాండ్రియాతో తల్లిమొక్కనుండి మాత్రమే విత్తనమునకు వచ్చును. పెసరలో అది క్రోమోజోములో నున్నది గనుక తల్లినుండి ఒక ప్రతి, పుప్పొడివెంట తండ్రినుండి ఒక ప్రతి వచ్చి గింజలో కలియుచున్నవి.